యాదగిరి కోపానికి మేం పెట్టిన గడియ

తమ్ముడు రాజయ్యకు, కార్వాన్ నుంచి నీ అక్క బాలమ్మ మనసారా దీవించి రాసే సంగతులు. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? మరదలికి దగ్గు తగ్గిందా? చిన్నమ్మకు కన్ను చూపించారా, ఇంకా రేపు మాపు అంటున్నారా? బర్రె ఈనిందా? ఇక్కడ పెద్దవాడు నర్సింహ డ్యూటీకి పోతున్నాడు. నా ఆయాసం నాకు ఉన్నదే, దానికి ఫికర్ పడకు.

చిన్నవాడు యాదగిరి గురించి నువ్వు రాసిన కార్డు చూసి రెండు రోజులు ముద్ద దిగలేదు. గొలుసు వేసి కట్టెయ్యండని రాస్తావా? ఎత్తుకొని పెంచిన మేనమామవు! వాడేమన్నా పశువా?

బోనాల మరునాడు వాడు అన్న మీద చెయ్యి చేసుకున్నాడు. నర్సింహకు పెదవి చిట్లింది, కాదనను. దవాఖానకు తీసుకుపోతే ఆ డాక్టరు తలెత్తి చూడకుండానే "పాగల్" అన్నాడు, సూది పొడిచాడు. మూడు రోజులు చొంగ కారుతూ పడి ఉన్నాడు నా బిడ్డ. ఒక్క మాట అడగకుండా రోగం ఎట్లా తెలిసింది ఆయనకు?

తర్వాత ఒక డాక్టరమ్మ దొరికింది. గంటసేపు అడిగింది. చెవుల్లో మాటలు వినపడతాయా, తాగుతాడా, తలకు దెబ్బ తగిలిందా, చిన్నప్పటి నుంచీ ఇంతేనా, కొట్టాక ఏడుస్తాడా అని. ఇది మతి తప్పడం కాదట. ఎదిగేటప్పుడే గుణంలో గట్టిపడిన జబ్బట, మెల్లగా దారికి తేవాలట. కోపం వచ్చిన ప్రతిసారీ రాసిపెట్టమంది. ఈ ఉత్తరానికే నాకు మూడు రోజులు పట్టింది, రోజూ రాయడం అయ్యేపనా? పూలు గుచ్చే దారానికి ముళ్ళు వేశాను. అరిస్తే ఒకటి, చెయ్యెత్తితే రెండు.

మళ్ళీ పోయినప్పుడు ఆమె ఆ దారం పట్టుకొని అడిగింది.

"అమ్మా, రెండు ముళ్ళు వడ్డ దినం మీరేం జేసిన్రు?"

"ఏం జేస్తమమ్మా, వాణ్ణి అర్రల ఏసి గడియ పెట్టినం. లొల్లి గల్లీల ఇనవడితే ఇజ్జత్ పోదా?"

"అన్ని సార్లు గట్లనేనా? ఎవరు పెట్టిన్రు?"

"నేనే."

"పిల్లినైనా అర్రల మూసి కొడితే మీద వడ్తది గదమ్మా."

నాకు సిగ్గేసింది. అప్పటి నుంచి గడియ పెట్టడం లేదు. గొంతు లేస్తే వాడే బయటికి పోతాడు, మూసీ దాకా నడిచి వస్తాడు. మొదటిసారి వాడు పారిపోయాడనుకొని పక్కింటి ఖాలా కేక వేసింది, "అరే అమ్మా, తుమారా బేటా భాగ్ గయా!"

"ఉరకనీ ఖాలా, ఆకలైతే వాడే వస్తడు" అన్నాను. వచ్చాడు.

వారానికోసారి డాక్టరమ్మతో మాట్లాడి వస్తాడు. ఒక చిన్న గోలీ ఇచ్చింది. నెలలో చెయ్యెత్తింది ఒక్కసారే. పూర్తిగా తగ్గిందని అబద్ధం రాయను, మొన్ననే నీళ్ళ కుండ పగలగొట్టాడు.

కానీ నర్సింహ నీ కార్డు జేబులో పెట్టుకొని తిరుగుతున్నాడు. "మామనే చెప్పిండు. తాళమేసే దవాఖానల ఏస్త, సంతకం వెడ్త" అంటున్నాడు. నా మాట ఏనాడు విన్నాడు? నువ్వు రాసిన మాట నువ్వే వచ్చి వెనక్కి తీసుకోవాలి. మేనమామను కూడా కూర్చోబెట్టి మాట్లాడతానని డాక్టరమ్మ అన్నది.

వచ్చేటప్పుడు పాత చింతపండు కొంచెం తే. చిన్నమ్మ కాళ్ళకు నా బదులు నువ్వు మొక్కు, నా బిడ్డను దీవించమని అడుగు. మరదలికి, పిల్లలకు నా దీవెనలు. దసరా దాటిన మొదటి బేస్తవారం పొద్దున పది గంటలకు డాక్టరమ్మ రమ్మన్నది. బుధవారం సాయంత్రానికే ఇంట్లో ఉండాలి నువ్వు.