పొట్టేలు వీపున ఉన్న పిన్ను

బషీరాబాద్,
మంగళవారం.

తాండూరు బ్యాంకు మేనేజర్ అరుణ్‌కుమార్ గారి సముఖమునకు, బషీరాబాద్ మండల గొర్రెల కాపరి పరశురాం పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా ఖాతాను నా నుండి కాపాడుట ఇక చాలించుట గురించి.

1. నిరుడు తమరు మా పంచాయతీ ఆఫీసు ముందు సభ పెట్టి, ఫోన్ పిన్నును కాగితం మీద రాయరాదని, ఎవరికీ చెప్పరాదని, "నేను అడిగినా చెప్పొద్దు" అని సెలవిచ్చి యున్నారు. సదరు ఆదేశమును తు.చ. తప్పక పాటించితిని. కాగితం ముట్టలేదు. మందను గుర్తుపట్టుటకు గొర్రెల వీపున ఎర్రమట్టి జాజుతో గుర్తు వేయుట మా ఆచారం గనుక, నా నాలుగు అంకెలనే ప్రతి గొర్రె మీదా వేసితిని. నా భార్య బీరమ్మ "ఊరంత సూస్తది గదయ్యా" అన్నది. ఊరంతా చూసింది, మంద గుర్తే అనుకున్నది. ఏడాదిలో ఒక్క రూపాయి పోలేదని మనవి.

2. పోయిన నెల ఉన్ని కత్తిరించితిమి. ఉన్నితో పాటు పిన్ను కూడా పోయినది. జ్ఞాపకమున్నట్టే తోచి ఫోనులో కొట్టగా, అది నన్ను దొంగ కింద జమకట్టి తాళం వేసుకున్నది.

3. కౌంటరులో అడుగగా, కొత్త పిన్ను ఫోనులోనే పెట్టుకోవాలని, అందుకు పాత పిన్ను కావాలని చెప్పినారు. పాతది మరిచినందుకే వచ్చితినని విన్నవించగా వికారాబాద్ పొమ్మన్నారు. వికారాబాద్‌లో తాండూరు పొమ్మన్నారు. చీటీ రాసి డబ్బు తీసుకుంటానంటే, భద్రత కోసం ఖాతా మూసి ఉన్నదన్నారు.

4. నా బిడ్డ మల్లీశ్వరికి నర్సింగులో సీటు వచ్చినది. సోమవారం లోపల ఫీజు కట్టని యెడల అది ఇంకొకరికి పోవును. అందుకని ఉన్ని తీసినాక సగం మంద అమ్మిన సొమ్ము ఆ ఖాతాలోనే ఉన్నది. దొంగలకు అందలేదు, సంతోషం. నాకూ అందడం లేదు. "నాయినా, తాళం తీసిండ్రా?" అని బిడ్డ రోజూ అడుగుతున్నది. బిడ్డకు ఎదురుపడక పొద్దుగూకేదాకా మంద వెంటే ఉంటున్నాను. అయ్యా, నాకు భయంగా ఉంది.

కావున పై సంగతులు చిత్తగించి, బిడ్డ ముఖం చూడగల ధైర్యం నాకు ఇప్పించవలెను.

తమ విధేయుడు,
పరశురాం

మరొక మనవి: కత్తెర పడని పొట్టేలు ఒక్కటే మిగిలినది. ఉన్ని తీయక ముందే తమరు దావత్ కోసం మా మందలోంచి కొనుక్కుపోయినది అదే. మీ ఇంటి వెనుక కట్టేసి ఉన్నదని, ఆదివారం కోస్తారని తెలిసింది. కోసే ముందు జర నన్ను పిలువుండ్రి సార్, వీపు చూసుకొని పోత. అందాక తమరు మాత్రం దాని దిక్కు చూడొద్దు. మీరు అడిగినా చెప్పొద్దని చెప్పింది మీరే.