ఫోన్ మోగినప్పటి నుంచి

బాబాయిగారికి,

ఈ ఉదయం ఫైరింజన్ బయలుదేరబోతే గేటుకు అడ్డంగా మన సిబ్బంది స్కూటర్లే ఉన్నాయి. డ్రైవరు దిగి, గొణుక్కుంటూ వాటిని పక్కకు జరిపాడు. ఆ ఆలస్యం మన లెక్కలోకి రాదు. "బండి గేటు దాటాకే లెక్క మొదలెట్టమ్మాయ్, లేకపోతే మంట దగ్గరికి చేరాల్సిన జాతీయ గడువు దాటిపోతాం, నా ఉద్యోగం మీదికొస్తుంది" అన్నారు మీరు, ఏడాది నివేదిక పని నాకు అప్పగిస్తూ. స్టేషన్ అధికారిగా మీ భయం నాకు అర్థమైంది. మీ ఎదుట నోరు పెగలక ఇలా రాస్తున్నాను. మంటల్లో చిక్కుకున్నవాళ్లు ఫోన్ చేసిన క్షణం నుంచే ఎదురుచూస్తారు. అందుకే ఏడాది లెక్కంతా ఫోన్ మోగినప్పటి నుంచి మళ్లీ వేశాను. సగానికి పైగా సార్లు గడువు దాటాం. కోపమొస్తే పిన్ని ముందే తిట్టండి, పడతాను. అంకెలు మాత్రం మార్చను.

నివేదిక మధ్యాహ్నమే పై ఆఫీసుకు పంపేశాను.