నీళ్లకుండ మూల

డుంబ్రిగుడ,
11 జూన్ 2024

ప్రియమైన చెల్లి సోనికి,

అన్నయ్య కామేష్ రాసే ఉత్తరం. అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నువ్వు సిస్టరు కావాలని కాన్వెంటులో చేరి నాలుగు నెలలయింది. శిక్షణ జరిగే ఈ ఏడాది ఫోను ఉండదు, ఇంటికి పంపరు, ఆదివారాలు ఉత్తరం రాసుకోవచ్చు అన్నారు కదా, అందుకని నేనూ కాగితం పట్టుకున్నాను. స్టీరింగు పట్టుకుని పట్టుకుని నా అక్షరాలు ఎలా అయిపోయాయో చూడు.

కబురేమిటంటే మన వంటిల్లు కొత్తగా కట్టిస్తున్నాను. కాఫీ కోతలయ్యాక ఫిబ్రవరిలో కనకతో నా పెళ్లి. తను అంగన్‌వాడీలో శుభ్రమైన గదిలో వండే మనిషి. మన మసిగోడల మధ్యకు ఎలా తీసుకురాను? కనక ఒక్క మాట కూడా అనలేదు, సిగ్గు నాదే. అంతకంటే పెద్ద సంగతి అమ్మ కళ్లు. ఆ పొగకు ఎప్పుడూ ఎర్రబడి నీళ్లు కారుతూ ఉంటున్నాయి. బొర్రా గుహలకు జీపులో తీసుకెళ్లే టూరిస్టుల్లో ఒక డాక్టరమ్మ చెప్పింది, కట్టెపొగ ఆడవాళ్ల కళ్లను, ఊపిరితిత్తులను తినేస్తుందని. ఆ రోజే నిర్ణయించుకున్నాను.

పోతురాజు మేస్త్రి వచ్చి కొలతలు తీసుకున్నాడు. మట్టిపొయ్యి తీసేసి నడుమెత్తున గట్టు, దానిమీద నల్లరాయి, గ్యాసు స్టవ్వు, సింకు. కొండవైపు పెద్ద కిటికీ. నేలకు టైల్స్. అమ్మకు చెప్పాను. "ఎప్పుడు మొదలెడతావు?" అని మాత్రం అడిగింది. సంతోషపడిందో లేదో తెలియలేదు.

మాకోసం ప్రార్థన చెయ్యి.

నీ అన్నయ్య
కామేష్

* * *

23 జూన్ 2024, ఆదివారం

ప్రేమగల అన్నయ్యకు,

నీ ఉత్తరం గురువారం అందింది. కనక వదినను తలుచుకుంటే చాలా సంతోషంగా ఉంది. ఇక్కడ నాకు కూరగాయల తోటలో పని ఇచ్చారు. ఈ మైదానం ఎండను మొదట్లో తట్టుకోలేకపోయాను, ఇప్పుడు అలవాటయింది. తెల్లవారి ప్రార్థనలో పాడమంటున్నారు. మన కొండభాషలో ఒక కీర్తన పాడితే అందరూ నేర్పమని వెంటపడ్డారు.

అన్నయ్యా, వంటింటి సంగతి. ఇప్పుడే మొదలుపెట్టకపోతే ఏం? నా శిక్షణ అయ్యాక పదిరోజులు ఇంటికి పంపుతారు. పెళ్లి సమయానికి నేనుంటాను. అప్పుడు ఇద్దరం దగ్గరుండి చేయిద్దాం.

ఆగలేనంటే, ఒక్క మాట విను. గోడలకు సున్నం వేయించు, పైకప్పు మార్పించు, పొగ పోవడానికి గొట్టం పెట్టించు. పొయ్యి మాత్రం ఉన్నచోటే ఉండనివ్వు. నీళ్లకుండ తలుపుకు ఎడమపక్క మూలలోనే ఉండాలి. ఉప్పు, కారం, అంబలి కాచే చోడిపిండి ఉన్న గూళ్లు కదపొద్దు. ఎందుకని అడగకు. నా మీద ప్రేమ ఉంటే ఈ ఒక్కటీ చెయ్యి.

అమ్మను రోజూ ఒక పూటైనా పక్కన కూర్చుని పలకరించు. నువ్వు జీపు పెట్టి తిని పడుకునే మనిషివి, అందుకని చెబుతున్నాను.

నీ చెల్లి
సోని

* * *

డుంబ్రిగుడ,
9 జూలై 2024

సోనీ,

నీ ఉత్తరం నాకు చేరేసరికి పొయ్యీ లేదు, గూళ్లూ లేవు. పదిహేను రోజుల కిందటే పగలగొట్టేశాం. నువ్వు చెప్పినది వినకూడదని కాదు. ఉత్తరం ఆలస్యమయింది.

నా అవస్థ చెబితే నవ్వుతావు. పాత గోడ ఒకటే పడగొడదామనుకుంటే పక్కగోడ కూడా వానకు నాని ఒరిగిపోయింది. ఇసుక లారీ మన మలుపు ఎక్కలేక కిందనే దింపేసి పోయింది. జీపులో బస్తాలకెత్తి పదకొండు సార్లు తెచ్చాను. సగం గోడ లేచాక పోతురాజు మేస్త్రి వరినాట్లున్నాయని సొంతూరు పోయాడు. ఎప్పుడొస్తావంటే "బేగి వచ్చేత్తాను బావూ" అంటాడు. వారమయింది. సిమెంటు రెండు బస్తాలు రాయిలా గట్టిపడిపోయాయి. ఇల్లు పగలగొట్టడం ఒక్క పూట పని, నిలబెట్టడమే నా చేతిలో లేకుండా పోయింది.

ఒక్కటి మాత్రం బాగుంది. కిటికీ చట్రం నిలబెట్టిన రోజు వాన ఆగింది. అందులోంచి చూస్తే ఎదుటి కొండ మొత్తం కనబడింది, మబ్బు కిందికి దిగుతూ. ఇన్నేళ్లు ఆ గోడ వెనక ఇంత అందముందని మనకు తెలియనే లేదు. అమ్మను పిలిచి చూడమన్నాను. కిటికీలో చెయ్యి బయటికి పెట్టి, "గాలి బాగా వత్తంది" అంది. అంతే.

అమ్మ తీరే నాకు అర్థం కావడం లేదు. వసారాలో టార్పాలిన్ కింద మూడు రాళ్లు పెట్టి వండుతోంది. మొన్న అంబలిలో ఉప్పు రెండుసార్లు పడింది. నిన్న ఇటుకల కుప్ప తన్నుకుని బోర్లా పడి మోకాలు చెక్కుకుపోయింది. అంత పెద్ద కుప్ప ఎదురుగా ఉంటే చూసుకోవద్దా? విసిగిపోయి గట్టిగానే అరిచాను. కావాలనే ఇలా చేస్తోందేమోనని ఒక్కోసారి అనిపిస్తోంది, పాత వంటిల్లు తీసేశానన్న కోపంతో.

నీ అన్నయ్య
కామేష్

* * *

21 జూలై 2024, ఆదివారం

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. అమ్మ కావాలని ఏదీ చేయదు. దయచేసి ఆమెను కసరకు. మోకాలి దెబ్బ ఎలా ఉంది? నడిచే దారిలో ఇటుకలు, కర్రలు లేకుండా తీయించు. రాత్రిపూటే కాదు, పగలు కూడా.

గ్యాసు వద్దు. కొన్నా కనెక్షన్ పెట్టించకు. కొత్త వంటింట్లో అమ్మను ఒంటరిగా వదలకు. నువ్వు జీపుకు వెళ్లేటప్పుడు పక్కింటి గాయత్రి అక్కను పిలువు.

కారణం నేను చెప్పకూడదు. చెప్పనని మాట ఇచ్చాను. నువ్వే అమ్మ దగ్గర కూర్చుని, చేతులు పట్టుకుని అడుగు. నువ్వు అడిగితే ఆమె చెప్పవచ్చు. అడుగు అన్నయ్యా. నేను ఇక్కడ తోటలో బెండమొక్కలకు నీళ్లు పోస్తూ ఉంటాను, మనసు మన వసారాలో ఉంటుంది. ఇంత దూరంలో ఉండి ఏమీ చేయలేకపోతున్నాను.

నీ
సోని

* * *

డుంబ్రిగుడ,
12 ఆగస్టు 2024

సోనీ,

వంటిల్లు అయిపోయింది. పోతురాజు మేస్త్రి చివరికి వచ్చి పదిరోజుల్లో పూర్తిచేశాడు. గట్టుమీద నల్లరాయి అద్దంలా ఉంది. తెల్ల టైల్స్ వేయించాను. నిన్న ఫాదర్‌గారు వచ్చి ప్రార్థన చేశారు. కనకా వాళ్ల అమ్మా వచ్చి చూశారు. కనక సింకు దగ్గర కుళాయి తిప్పి, నీళ్లు పడగానే నా వైపు చూసి నవ్వింది. ఇన్నాళ్ల కష్టం ఆ ఒక్క నిమిషంలో మరిచిపోయాను.

అమ్మ మాత్రం గుమ్మం దగ్గరే నిలబడింది. గోడమీద చెయ్యి వేసి అక్కడే. అందరి ముందూ లోపలికి రమ్మంటే రాలేదు. కనక వాళ్లమ్మ ముఖం చిన్నబోయింది. కోడలు రాకముందే ఇలా ఉంటే వచ్చాక ఏమిటనుకోదా?

నువ్వు అడగమన్నట్టే అడిగాను. "నాకేటి? నాను బాగానే ఉన్నాను" అంది. ఇంకేం చేయమంటావు? నువ్వు దేవుడి పనికని వెళ్లావు. వెళ్లినదానివి అక్కడినుంచి పొయ్యి కదపొద్దు, కుండ కదపొద్దు, గ్యాసు పెట్టొద్దు అని రాస్తావు, కారణం చెప్పవు. మీ ఇద్దరికీ నడుమ ఏదో ఉంది, నన్ను బయట నిలబెట్టారు. ఇక్కడ ఉండి మోసేవాడిని నేను. ఇకమీదట వంటింటి సంగతి రాయకు.

కామేష్

* * *

25 ఆగస్టు 2024, ఆదివారం

అన్నయ్యా,

అమ్మకిచ్చిన మాట తప్పుతున్నాను. నీ ఉత్తరం చదివి మదర్‌గారి దగ్గర ఏడిస్తే ఫోను చేసుకోమని ఇచ్చారు. మూడు రోజులు చేశాను. కొండల్లో సిగ్నలు లేదేమో, నీ ఫోను ఒక్కసారి కూడా అందలేదు. అందుకే రాస్తున్నాను.

అమ్మకు కళ్లు కనబడవు.

నిరుడు దసరా వానల్లో ఆమె పొయ్యిలో పెట్టబోయిన కట్టె నా కాలికి తగిలింది. అప్పుడు పట్టుకున్నాను. నువ్వు జీపు మీద ఉన్నప్పుడు విశాఖపట్నంలో పెద్ద కంటాసుపత్రికి తీసుకెళ్లాను. అమ్మమ్మ ఊరు వెళ్తున్నామని నీతో చెప్పాం. నీటికాసులు అన్నారు. కళ్లలో ఒత్తిడి పెరిగి చూపు అంచులనుంచి చచ్చిపోతూ వస్తుందట. కుడికన్ను అప్పటికే పోయింది. ఎడమకంటిలో సన్నటి గొట్టంలోంచి చూసినంత మిగిలింది. పోయింది తిరిగి రాదన్నారు. ఆ మిగిలిన కాస్తకు చుక్కలమందు ఇచ్చారు. నేను వచ్చేశాక ఆ చుక్కలు వేసుకుంటోందో లేదో.

పొగవల్ల కాదు అన్నయ్యా. నువ్వు ఆమె కళ్లకోసమే ఇదంతా మొదలుపెట్టావని చదివినప్పుడు నాకు గుండె ఆగినంత పనయింది.

కాన్వెంటుకు వెళ్లనని చెప్పాను. అమ్మ నా చెయ్యి తీసి తన తలమీద పెట్టుకుంది. "నువ్వెళ్లాలి. నాకు వంటిల్లుంది. అందులో నాకు కళ్లెందుకు? అన్న పెళ్లయ్యేదాకా సెప్పకు, పిల్లనిచ్చినోళ్లు ఎనక్కెళ్లిపోతారు" అంది. నిజంగానే ఆ వంటింట్లో ఆమెకు కళ్లతో పనిలేదు. పొయ్యికి జానెడు దూరంలో ఉప్పు, రెండడుగుల్లో నీళ్లు. నువ్వు కూర్చుని తింటూ కూడా కనిపెట్టలేకపోయావంటే అది నీ తప్పు కాదు, ఆమె అంత బాగా చేసేది.

ఆ గదిని మనం తీసేశాం. నేను మొదటి ఉత్తరంలోనే రాసి ఉంటే సరిపోయేది. నిజంకన్నా అమ్మకిచ్చిన మాట గట్టిదనుకున్నాను. ఇప్పుడు ఏది పాపమో నాకు తెలియడం లేదు.

నేను వచ్చేస్తాను. నువ్వు రమ్మంటే చాలు, మదర్‌గారికి చెప్పి వచ్చేస్తాను.

సోని

* * *

డుంబ్రిగుడ,
24 సెప్టెంబరు 2024

నా చెల్లి సోనికి,

ఆలస్యానికి క్షమించు. ఎలా రాయాలో తెలియక ఆగిపోయాను.

నీ ఉత్తరం సెప్టెంబరు నాలుగున అందింది. అమ్మకు కాలింది ఆగస్టు ఇరవై తొమ్మిదిన.

ఆ పొద్దున నేను ఇంట్లోనే ఉన్నాను. ఇంకా వసారాలోనే వండుతోందని నేను విసుక్కుంటే అమ్మ తనే కొత్త వంటింట్లోకి వెళ్లింది. గ్యాసు తిప్పి అగ్గిపుల్ల కోసం తడుముకుంది. పుల్ల గీసేసరికి గ్యాసు చుట్టూ పరుచుకుంది. మంట ఒక్కసారి లేచి పైటకు అంటుకుంది. అరుపు విని నేను పరుగెత్తాను. అమ్మ తలుపుకు ఎడమపక్క మూలకు వెళ్లి, వంగి, రెండు చేతులతో నీళ్లకుండ కోసం వెతుకుతోంది. అక్కడ ఇప్పుడు సిలిండరు ఉంది. పైట లాగేసి, బకెట్టు నీళ్లు పోసి, వెనక్కి లాక్కొచ్చాను. కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది. అరకు ఆసుపత్రికి తీసుకెళ్లాను. దారిపొడవునా ఏం చేశానో తెలుసా? తిట్టాను. ఎదురుగా సింకు ఉంటే సిలిండరు దగ్గరికి ఎందుకెళ్లావని తిట్టాను. ఆ మూలకు ఎందుకెళ్లిందో నీ ఉత్తరం చదివాక గాని తెలియలేదు.

డుంబ్రిగుడ సంతలో జీపు ఆపుకుని చదివాను. ఎక్కిన జనాన్ని దిగిపొమ్మని ఇంటికొచ్చాను. అమ్మ వసారాలో కట్టుతో కూర్చుని ఉంది. సోని రాసిందన్నాను. "సెప్పీసిందేటి?" అంది. నేను ఏడ్చాను. నా ముఖం తడిమి, తడిసిన చెయ్యి చీరకు తుడుచుకుని, "నీకేటి తెలుసు, నువ్వు మంచికే కట్టినావు" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

విశాఖపట్నం తీసుకెళ్లాను. ఎడమకన్ను కూడా దాదాపు పోయిందన్నారు. చుక్కలు జూన్‌లోనే అయిపోయాయట. తెమ్మని నన్ను అడిగితే బయటపడుతుందని అడగలేదు. డాక్టరును ఏ దారీ లేదా అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఒకటే చెప్పాడు.

కనకకు నేనే వెళ్లి చెప్పాను. పెళ్లి వద్దంటే తప్పుపట్టనన్నాను. మూడురోజులు కబురు లేదు. నాలుగోరోజు తనే వచ్చింది, వాళ్లమ్మ రాలేదు. అమ్మ పక్కన కూర్చుని "అత్తా, నాకు ఇది ఎందుకు సెప్పలేదు?" అని అడిగింది. వాళ్లింట్లో ఇంకా ఏమీ తేలలేదు. తేలేదాకా వస్తానంది, వస్తోంది.

పోతురాజు మేస్త్రిని పిలిచి గట్టు సగం పగలగొట్టించాను. అమ్మ నేలమీద కూర్చుని చేతితో కొలిచి చూపిస్తే అక్కడ మట్టిపొయ్యి వేశాడు. గూళ్లు కట్టాడు. సిలిండరు తీసేశాం. అంతా పాత కొలతలే. అమ్మ చుట్టూ తడిమి చూసి, "ఇది అది కాదురా" అంది. గోడ నాలుగంగుళాలు లోపలికొచ్చిందట. నేల జారుతోందట. మాట తిరిగి వినబడే తీరు కూడా మారిపోయిందట. అవన్నీ నేను వెనక్కి తేలేను సోనీ. ఆ వంటిల్లు చేతులకు అలవాటవడానికి ఆమెకు ముప్పై ఏళ్లు పట్టింది, నేను ఒక్క పూటలో తీసేశాను.

నువ్వు వచ్చేస్తానన్నది చదివి వినిపించాను. అప్పుడు మాత్రం అమ్మకు కోపం వచ్చింది. "రావద్దని రాయి. అదొచ్చేత్తే నాను దాసిందంతా వట్టిదైపోద్ది" అంది. రెండుసార్లు చదివించుకుంది, సరిగ్గా రాశానో లేదోనని. నాకైతే నువ్వు రావాలనే ఉంది. కానీ ఆమె మాట ఇది. ఈసారి ఆమె మాటే విందాం.

ఈ రోజు కట్టు విప్పారు. పొద్దున్నుంచీ అంబలి కాస్తానంటోంది. నేను పక్కన నిలబడితే, "నువ్వు బయటికెల్లు. నువ్వు సూత్తుంటే నాకు సేతులాడవు" అని పంపేసింది. గుమ్మం బయట మెట్టుమీద కూర్చుని ఇది రాస్తున్నాను. లోపల పొయ్యి రాజుకున్న చప్పుడు వినబడుతోంది. అడుగులు లెక్కపెడుతోంది, పైకే, చిన్నగా. ఇప్పుడే ఏదో గిన్నె కింద పడింది. పిండి అయి ఉండాలి. లెక్క ఆగిపోయింది.

మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. నేను లేవలేదు.

నీ అన్నయ్య
కామేష్