ఇల్లు ఊగదు

ఏమండీ,

మా అక్కని చూడ్డానికి బిల్హా వెళుతున్నాను. సాయంత్రం లోకల్‌కి వస్తాను. లాస్య స్కూలు నుంచి అటే ట్యూషన్‌కి పోతుంది, కాబట్టి కేకలేసి లాభం లేదు. అన్నం, పప్పుచారు మూతపెట్టి ఉన్నాయి. తిన్నాక బీపీ మాత్ర వేసుకోండి.

తినేముందు టీవీ ఆట ఆడాలి. బాత్రూమ్‌లో పడ్డ దగ్గర్నుంచి పోయిన నిలకడ దీనితోనే వస్తుందని ఫిజియో డాక్టరమ్మ చెప్పింది కదా. టీవీ ముందు పెట్టిన పలక ఎక్కి నిలబడితే తెరమీద బొమ్మ తాడుమీద నడుస్తుంది. మీరు ఒరిగితే అది పడుతుంది. నిన్న నేనూ మనవరాలు లాస్యా చెరో రెక్క పట్టుకుని నిలబెడితే, రైలింజిన్‌లో నిలబడ్డట్టు కాళ్లు ఎడంగా పెట్టి ఊగారు. మీరు రిటైరై చాలా ఏళ్లయింది. ఇల్లు ఊగదు, ఊగేది మీరే. బొమ్మ పడితే "మిషనే పాడైపోనాది, నాకేటయ్యింది?" అని పిల్ల మీద అరిచారు. మిషన్ బాగానే ఉంది. మీరు పడుకున్నాక నేను ఎక్కి చూశాను, బొమ్మ చివరిదాకా వెళ్లింది.

కర్ర కోసం వెతక్కండి. నాతో తీసుకెళుతున్నాను.

మరిచాను: ఈ చీటీ మంచం దగ్గర పెట్టకుండా, కావాలనే హాల్లో టీవీకి అంటించాను. దీన్ని చదువుతున్నారంటే కర్ర లేకుండా, నా భుజం లేకుండా ఇక్కడిదాకా నడిచొచ్చారన్నమాట. మంచం దిగలేనని రాత్రి నాచేత పెట్టించుకున్న బెడ్‌పాన్ ఇంకా మంచం కిందే ఉంది. కడిగి పెట్టండి.