రాజ్యం దరఖాస్తు

సుజాతా,

నువ్వు పోయిన రెండేళ్లకి అంగన్‌వాడీ వాళ్లకి గ్రాట్యుటీ ఇస్తున్నారు. నీ దగ్గర ఆయాగా చేసి రిటైరైన రాజ్యం ఇవాళ దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చింది. ఒంగోలు ధర్నాకి నువ్వెన్నిసార్లు పిలిచినా ఎండకి భయపడి రాని రాజ్యమే.

“గౌరవ వేతనమంట, గౌరవమూ లేదు, వేతనమూ లేదు అనేది కదా వదిన. ఆ నోరే మాకు తెచ్చిపెట్టింది అన్నయ్యగారూ,” అంది.

ఎవరి సొమ్ముకీ కుళ్లుకోని నేను ఆమెని చూసి కుళ్లుకున్నాను. కుళ్లుకుంటూనే రాశాను. మీ సెంటర్ రిజిస్టర్లు రాసిపెట్టిన అలవాటుకి, పేరు దగ్గర నీ పేరు పడింది.

రాజ్యం చూసింది. “ఇంకో కాగితం తీసుకోండి,” అంది.

ఆమెది రాసిచ్చి పంపాను. నీది చింపలేదు. సంతకం చోటు ఖాళీగా ఉంది.