కిటికీలో నెయిల్ కటర్

పాస్టర్ అయ్యగారికి వందనాలు.

నాన్నను సమాధి చేసి నాలుగు రోజులైంది. నాకింకా ఏడుపు రాలేదు. కోపం కూడా రావడం లేదు, అదే భయంగా ఉంది.

పోయిన నెల సంఘంలో అందరి ముందూ లేచి, "శిష్యుల కాళ్లు కడిగిన ప్రభువు పేరు చెప్పుకుని మీరు మెత్తటి కుర్చీలో కూర్చుంటారా?" అని మీ మీద అరిచాను. కరపత్రంలో చదివిన మాట అది. మీరు "నిజమేరా, కూర్చో" అన్నారంతే.

నాన్నకు చివరి స్నానం చేయిస్తూ, రెండేళ్లు మంచాన పడ్డ మనిషికి గోళ్లు ఇంత శుభ్రంగా ఉన్నాయేమిటని అక్కను అడిగాను.

"నీకు కళ్లు లేవట్రా? శుక్రవారం శుక్రవారం అయ్యగారొచ్చి ఒళ్లు తుడిచి, గోళ్లు తీసి వెళ్లేవారు. సిగ్గేసి, నీకు చెప్పొద్దని నాన్న ఒట్టేయించుకున్నాడు."

మీరొచ్చి తలుపు మూసుకుంటే, నాన్నతో ప్రార్థన చేస్తున్నారనుకున్నాను. శుక్రవారాలు నేను వీధుల్లో సేవ గురించి కరపత్రాలు పంచేవాణ్ని.

యువజన నాయకుడిగా నా పేరు ఈ ఆదివారం ప్రకటిస్తామన్నారు. ప్రకటించకండి.

మీ నెయిల్ కటర్ మా కిటికీలోనే ఉండిపోయింది. మా వీధి చివరి టైలర్ తాతకు కూడా కాళ్లూ చేతులూ పడిపోయాయట. ఈ శుక్రవారం ఆయన దగ్గరికి వెళ్తాను. మొదటిసారి మీరు పక్కన ఉంటారా? నేను ఇంతవరకూ ఎవరి గోళ్లూ తీయలేదు.

ఇట్లు,
మీ సంఘ బిడ్డ