మావ తప్పెట

దేవేంద్ర బావకు ఈశ్వరి నమస్కారాలు. ఇక్కడ నేను, మన తులసి, గొడ్డూ గోదా అందరం బాగున్నాం. పారాదీప్‌లో ఎండలు మండుతున్నాయని రాశావు, నెత్తిన తువ్వాలు వేసుకో. ఫోన్లో అయితే అరుచుకుంటామని నువ్వే ఉత్తరం రాశావు కనుక, నేనూ ఉత్తరమే రాస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు. గేదె ఈనింది, పెయ్యదూడ. వంటింటి రేకు మార్పించాను. ఇక తులసిని నాటకం మాన్పించమన్నావు. మాన్పించలేదు.

అది ప్రిస్కిల్లా టీచరు పదో తరగతి పిల్లలతోనే కట్టించిన పాటల నాటకం. కంపెనీ సైరన్‌కి నిద్రలేచే మన ఊరి లాంటి ఊరే అందులోనూ. బడి అయ్యాక ఎవరు చదువుకుంటారు, ఎవరు పనిలోకి పోతారు, ఎవరికి పెళ్లి చేసేస్తారు, అదే కథ. పాటలన్నీ మన తప్పెటగుళ్ల దరువు మీద కట్టారు. పిల్లలకు ఆ దరువు నేర్పింది తులసే. మావ పోయేదాకా తాత పక్కన కూర్చుని దరువు పట్టిన చెయ్యి అది. ఆఖరి పాటకి తప్పెట రొమ్ము మీద కట్టుకుని ముందు నిలబడాల్సిందీ తనే.

బడికి తప్పెటలు ఇచ్చింది మీ అన్న జగన్నాధం. రిహార్సల్ చూడ్డానికి వచ్చి, తులసి మీద తప్పెట చూసి అక్కడే కేకలేశాడు.

“ఆడపిల్ల రొమ్ము మీద తప్పెటేటి? గంగమ్మ తల్లి సంబరాల్లో ఆడీ తప్పెట, ఆ తల్లికి మైల. ఇప్పకపోతే మా తప్పెటలు మాకిచ్చీండి.”

హెడ్మాస్టరు బెదిరిపోయాడు. తప్పెట మీ అన్న కొడుకు త్రినాథ్‌కి కట్టి, తులసిని తెర వెనక ఉండి పాడమన్నాడు.

గంగమ్మ తల్లి ఆడది కాదా బావా? మొన్న కోతలప్పుడు మీ అన్న పొలంలో వరిమోపు ఎత్తుకుని గట్లు దాటింది ఈ పిల్లే. ఆ రోజు ఆడపిల్ల అని ఎవరికీ గుర్తు రాలేదు. మోపుకి లేని మైల తప్పెటకి ఎక్కడినుంచి వచ్చింది?

త్రినాథ్ మన ఇంటికొచ్చి ఏడుపు ముఖం పెట్టాడు. “పిన్నీ, నా వల్ల అవదు. దాని పాటకి నా కాలు పడతన్లేదు. నానకి సెప్పకు, తంతాడు.” తులసి వాడికి దరువు చెబుతూ కూర్చుంది. అది చూసి నాకు ఒళ్లు మండింది.

ఇక నీకు చెప్పకుండా చేసిన పని. నాటకం రోజు మావ తప్పెట అటక మీంచి దింపి, సంచిలో పెట్టుకుని బడికి వెళ్లాను.

తప్పెటగుళ్లలో పాడే నోరు, వాయించే చెయ్యి, ఆడే కాలు ఒక్క మనిషివే కావాలి. మావ ఎన్నిసార్లు చెప్పేవాడో నీకు తెలుసు. ఆఖరి పాటలో పాట తెర వెనక, దరువు తెర ముందు. రెండు చరణాలకే త్రినాథ్ తప్పిపోయాడు. జనం నవ్వారు.

“ఒరే తిరినాదా, పాట ఎల్లిపోనాదిరా, నువ్విక్కడే ఉండిపోనావు!” అని జగ్గమ్మత్త అరిచింది.

నేను తెర వెనక్కి వెళ్లాను. ఓణీ మీంచి తప్పెట బిగించి ముడి వేస్తుంటే, “అమ్మా, పెదనాన సూస్తాడు” అంది తులసి.

“సూడనీ. అందుకే కడతన్నాను” అన్నాను.

తులసి బయటికి రాగానే త్రినాథ్ బతికాననుకుని వెనక వరసలోకి జరిగాడు. మళ్లీ ఎవరూ నవ్వలేదు. మీ అన్న లేచి బయటికి నడిచాడు. పాట అయ్యేదాకా గేటు దగ్గరే నిలబడ్డాడని జగ్గమ్మత్త అంది. మెత్తబడ్డాడనుకోకు. తెల్లారి వచ్చి, “మా నాన తప్పెట నాకిచ్చీ. నువ్వివ్వకపోతే మా తమ్ముడి సేత సెప్పిస్తాను” అన్నాడు.

నీకు ఫోన్ చేస్తాడు. అన్న మాట నువ్వు కాదనలేవని నాకు తెలుసు. ఇచ్చెయ్యమని మాత్రం ఫోన్లో చెప్పకు. తప్పెట ఇప్పుడు అటక మీద లేదు, తులసి పుస్తకాల పైన మేకుకి ఉంది. వచ్చి, పిల్ల ఎదురుగా నిలబడి, నీ చేత్తో దింపు.

మీ అన్న అది వాళ్ల నాన్నదంటున్నాడు. మావ నాకు మేనమామ అన్న సంగతి మరిచిపోయాడు.

ఇట్లు,
అసిరయ్య మేనకోడలు,
ఈశ్వరి